తమ్ముడి పలకే ఆమెకు బడి

మా అబ్బాయికి ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ, నేను మర్చిపోయినవి చాటుగా దిద్దుకుంటుంటాను. అప్పుడల్లా నాకు భండారు అచ్చమాంబగారు గుర్తొస్తారు. బడి గడప తొక్కని ఆవిడ, తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారు. ఆ తమ్ముడు మరెవరో కాదు, కొమర్రాజు లక్ష్మణరావుగారు.

1874లో కృష్ణా జిల్లా నందిగామలో పుట్టిన అచ్చమాంబకు ఆరేళ్లప్పుడే తండ్రి పోయారు. పదేళ్లకు పెళ్లి. భర్త మాధవరావుగారి ఇంజనీరు ఉద్యోగం వల్ల కాపురం నాగపూరు వైపు. తమ్ముణ్ణి తన దగ్గరే ఉంచుకుని చదివించారు. అతనితోపాటు తనూ తెలుగు, హిందీ నేర్చుకున్నారు. ఆ తర్వాత మరాఠీ, గుజరాతీ, బెంగాలీ, కొంత సంస్కృతం. ఊరు మారితే సామాను సర్దుకోవడానికే మనకు నెల పడుతుంది, ఆవిడేమో ఒక్కో భాషా పట్టేశారు!

ఒక బాబు, ఒక పాప పుట్టారు. ఇద్దరూ పసితనంలోనే పోయారు. ఇలాంటి చోట 'దుఃఖాన్ని దిగమింగి సేవకు అంకితమయ్యారు' అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాం. ఆ రాత్రులు ఆవిడ ఎలా గడిపారో ఎవరు చూశారు గనుక? మనకు తెలిసిందల్లా, అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచారని, చదువు చెప్పించారని.

స్త్రీలకు బుద్ధిబలం లేదనేవాళ్లకు ఆవిడ నోటితో కాదు, పుస్తకంతో జవాబిచ్చారు. వెయ్యేళ్ల కాలంలోని స్త్రీల జీవితాలను వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. 1901లో దాన్ని ప్రచురించింది వీరేశలింగంగారి 'చింతామణి'. పురాణ స్త్రీల గురించి, విదేశీ స్త్రీల గురించి కూడా రాయాలని సంకల్పించారు.

ఇల్లు పట్టుకుని రాసుకుంటూ కూర్చోలేదు. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఆ తర్వాత ఊరూరా తిరిగి, మీరూ ఒక సమాజం పెట్టుకోండమ్మా అని ఆడవాళ్లను కూడగట్టారు. పక్క వీధికి వెళ్లాలన్నా తోడు కావలసిన రోజుల్లో ఎక్కడి మధ్యపరగణాలు, ఎక్కడి బందరు!

కథల సంగతి చెప్పకపోతే నాకు తోచదు. తొలి తెలుగు కథ 1910 నాటి గురజాడవారి 'దిద్దుబాటు' అనే మేమంతా చదువుకున్నాం. అచ్చమాంబ 'ధనత్రయోదశి' 'హిందూసుందరి' పత్రికలో వచ్చింది 1902లోనే. నాకు మాత్రం ఆవిడ 'స్త్రీవిద్య' మరీ ఇష్టం. జైలుకు వెళ్లబోతున్న భర్త, నా ఉత్తరాలు నువ్వే చదువుకోవాలి, చదువు నేర్చుకో అని భార్యను ఒప్పించడమే కథ. అంతా మాటల్లోనే నడుస్తుంది. వర్ణనలు లేవు, ఉపన్యాసం కాస్త ఉంది. ఉంటే ఉండనివ్వండి. ఉత్తరాన్ని ఇంకొకరిచేత చదివించుకోవలసిన ఆడదాని అవస్థ అందులో ఉంది. మా అమ్మమ్మ పోస్టుమాన్ ముందు కొంగు సవరించుకుని నిలబడడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ప్లేగు వచ్చినప్పుడు ఇరుగుపొరుగు ఇళ్లొదిలి పరుగెత్తుతుంటే ఆవిడ రోగుల దగ్గరికే వెళ్లారు. ఆ జబ్బే సోకింది. 1905 జనవరి 18న బిలాస్‌పూర్‌లో కన్నుమూశారు. అప్పటికి ముప్పై ఏళ్లే.

మరుసటి ఏడే, 1906లో, తమ్ముడు లక్ష్మణరావుగారు విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలుపెట్టారు. అక్క చూడలేదు.