మనఃస్థితి – గ్రంథపఠనము

ఏ గ్రంథము చదువవలెనని అడుగువారు అనేకులు. దానిని ఎప్పుడు చదువవలెనని అడుగువారు అరుదు. ఒకే పుస్తకము ఒకనాడు చప్పగాను, మరియొకనాడు అమృతతుల్యముగాను తోచుట పాఠకులందరికిని అనుభవములోని విషయమే. పుస్తకములోని అక్షరములు మారలేదు. మారినది మన మనస్సు. వైద్యుడు నాడి చూచి మందు నిర్ణయించును. పాఠకుడు తన నాడిని తానే చూచుకొనవలెను.

ఈ మర్మము మన పూర్వులకు తెలియును. భారతమున అరణ్యపర్వములో ధర్మరాజు జూదమున రాజ్యమును కోల్పోయి అడవిలో నున్నాడు. అర్జునుడు దివ్యాస్త్రములకై వెడలిపోయినాడు. తనకంటె దుఃఖభాగి యగు రాజు లోకమున కలడాయని ధర్మరాజు బృహదశ్వ మహర్షిని అడిగెను. మహర్షి అతనికి వినోదకథ చెప్పలేదు. జూదములోనే రాజ్యమును పోగొట్టుకొని, అడవుల పాలై, భార్యను సైతము ఎడబాసిన నలుని కథ చెప్పెను. ధర్మరాజునకు తమ్ములును, బ్రాహ్మణులును తోడుగా నున్నారు. నలునకు ఆ తోడైనను లేదు. శ్రోత దుఃఖమువంటి దుఃఖముతో మొదలైన ఆ కథ, నలుడు భార్యను, రాజ్యమును మరల పొందుటతో ముగియును. పిమ్మట ఋషి ధర్మరాజునకు అక్షహృదయ విద్యను కూడ ఉపదేశించెను.

ఆంగ్లదేశపు తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ అనుభవము కూడ ఇట్టిదే. 1826లో, ఇరువది యేండ్ల ప్రాయమున, ఆయనను తీరని నిరుత్సాహము ఆవరించినది. అంతవరకు ప్రియములైన గ్రంథములు నిస్సారములైనవి. ఫ్రెంచి రచయిత మార్మోంటెల్ స్మృతులలో, తండ్రి మరణించిన వేళ కుటుంబమునకు తానే అండగా నిలువ నిశ్చయించుకొన్న బాలుని ఘట్టము చదివినప్పుడు ఆయనకు కన్నీరు వచ్చినది. ఆ కన్నీటితోనే భారము కొంత తగ్గినది. బైరన్ కవిత్వము మేలు చేయలేదు. ఆ కవి మనఃస్థితి తన మనఃస్థితిని మిక్కిలి పోలియుండుటయే కారణమని ఆయన తన స్వీయచరిత్రలో చెప్పినాడు. 1828లో చదివిన వర్డ్స్‌వర్త్ కవితలు మాత్రము ఆయనకు ఔషధములైనవి.

ఈ రెండు ఉదాహరణములును ఒక్క సూత్రమునే తెలుపుచున్నవి. మన దుఃఖమునకు కేవలము ప్రతిధ్వనియైన పుస్తకము దానిని పెంచును. దుఃఖమనునదే ఎరుగని పుస్తకము మనస్సును తాకదు. మనము నిలిచియున్న చోట మొదలిడి, మరియొక చోటికి మనలను చేర్చు గ్రంథమే అప్పుడు కావలసినది.

తక్కిన మనఃస్థితులకును తగిన గ్రంథములు కలవు. దినమంతయు పనిచేసి అలసినవాడు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను తెరువవచ్చును. 1830లో చెన్నపట్టణమున బయలుదేరి, కాశికి పోయి, 1831లో తిరిగివచ్చిన ఆయన ప్రయాణమును మజిలీ మజిలీగా వర్ణించినాడు. పాఠకుడును అలసిన మజిలీలో ఆగిపోవచ్చును. ఊరక విసుగు కలిగినప్పుడు చిలకమర్తివారి ‘గణపతి’యో, మొక్కపాటివారి ‘బారిష్టరు పార్వతీశము’ననో చేతబట్టిన చాలును. కోపముగా నున్నప్పుడు వాదప్రతివాద గ్రంథముల జోలికి పోరాదు. అవి అగ్నికి ఆజ్యము. మనస్సు ఉల్లాసముగా, నిబ్బరముగా నున్న వేళను మాత్రము మనలో పలువురు తేలిక పుస్తకములతో వ్యర్థపుచ్చుచున్నారు. తిక్కన యుద్ధపర్వములకును, ‘వేయిపడగలు’ వంటి బృహద్గ్రంథమునకును తగిన వేళ అదియే.

అయితే మనఃస్థితి సలహాదారు మాత్రమే కాని ప్రభువు కాదు. పరీక్షకు కూర్చుండవలసిన విద్యార్థి, ఉత్సాహము వచ్చువరకు వేచియుండుటకు వీలులేదు. ఎల్లప్పుడును తన రుచికి నచ్చినదే చదువువాడు పెద్ద యింటిలో ఒక్క గదియందే కాపురముండు వానివంటివాడు.

ఇందుచేత మనము నేర్వవలసిన మర్యాద ఒకటి కలదు. నాలుగు పుటలు చదివి, రుచింపక ప్రక్కన పెట్టిన గ్రంథమును చెడ్డదని నిందింపరాదు. అది వచ్చిన వేళ మంచిది కాకపోవచ్చును. పుటల నడుమ ఒక గుర్తు ఉంచి, కంటికి కనబడుచోటనే దానిని పెట్టుడు. ఏడాదికో, రెండేండ్లకో మీ మనస్సే మిమ్ములను దాని యొద్దకు తీసికొనిపోవచ్చును. పుస్తకమునకు తొందర లేదు.