నాగపూరుకు సరకు విమానాలు వస్తే

అర్ధరాత్రి దాటిన తరువాత సోనేగావ్ విమానాశ్రయంలో నాలుగు దిక్కుల నుండి నాలుగు విమానాలు వచ్చి వాలేవి. ఒకటి మద్రాసుది, ఒకటి ఢిల్లీది, ఒకటి బొంబాయిది, ఒకటి కలకత్తాది. టపా సంచులు దింపి, ఒకదానిలోనివి మరొకదానిలోకి మార్చుకొని, తెల్లవారేసరికి దేని ఊరికి అది చేరుకునేది. 1949 జనవరిలో మొదలైన ఈ రాత్రి విమాన టపా 1970లలో ఆగిపోయినది. రఫీ అహ్మద్ కిద్వాయ్ గారు కేంద్రంలో మంత్రిగా ఉండి తపాలా శాఖను చూస్తున్న రోజులలో పుట్టిన ఏర్పాటు ఇది. మద్రాసులో సాయంకాలం వేసిన ఉత్తరం మరునాటికి ఢిల్లీలో ఉండేదంటే దానికి కారణం మన ఊరే. ఆ డకోటాల మోత విన్నామని చెప్పే పెద్దలు మన సంఘంలో నిన్న మొన్నటిదాకా ఉన్నారు.

చిత్రమేమిటంటే, సరిగ్గా ఇదే పద్ధతిని 24 ఏళ్ళ తరువాత అమెరికాలో ఒక కంపెనీ ఎత్తుకున్నది. 1973 ఏప్రిల్ 17న మెంఫిస్ అనే ఊరి నుండి ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ వారి 14 చిన్న విమానాలు 186 పొట్లాలతో 25 నగరాలకు బయలుదేరాయి. అన్ని ఊళ్ళ సరుకూ రాత్రివేళ ఒకచోటికి చేర్చడం, అక్కడ విడదీయడం, తెల్లవారేలోగా పంపడం – అంతే కిటుకు. నేడు మెంఫిస్‌లో ఆ కంపెనీని మించిన ఉద్యోగదాత లేదు. ఈ కథ తెలిసిన నాగపూరు వాడికి “మనకెందుకు దక్కలేదు?” అనిపించక మానదు.

అనిపించినది కూడాను. 2002లో మహారాష్ట్ర ప్రభుత్వం విమానాశ్రయాల అభివృద్ధికి ఒక ప్రత్యేక కంపెనీని స్థాపించి, నాగపూరులో అంతర్జాతీయ సరకు రవాణా కూడలి కట్టే పని దానికి అప్పగించినది. దాని పొట్టి పేరే మిహాన్. దేశానికి నడిబొడ్డు, సున్నా మైలు రాయి ఉన్న ఊరు, నాలుగు దిక్కుల రైళ్ళూ రోడ్లూ కలిసే చోటు – ఇంకేమి కావాలన్నారు. వార్ధా రోడ్డు పొడుగునా 4,000 హెక్టార్లకు పైబడిన భూమి, అనగా ఇంచుమించు 10,000 ఎకరాలు, పథకంలోకి వచ్చినది. 4,000 మీటర్ల రెండవ రన్‌వే కడతామన్నారు. ఆ రోజులలో మన వారిలో కూడా అప్పు చేసి వార్ధా రోడ్డున స్థలం కొనని వారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చును.

మా అక్కగారి అబ్బాయి అక్కడొక సాఫ్ట్‌వేరు కంపెనీలో పని చేస్తున్నాడు. పండుగకు వచ్చినప్పుడు అడిగాను.

“ఏరా, మీ సరకు కూడలి ఎలా ఉన్నదిరా?”

“పదేళ్ళుగా వెళ్ళి వస్తున్నాను మామయ్యా. సరకు మూట ఒక్కటీ నా కంటపడలేదు. కంప్యూటర్లే కంప్యూటర్లు!”

వాడు పరిహాసానికి అన్నా మాటలో నిజం ఉన్నది. మిహాన్‌కు వచ్చినవి తక్కువేమీ కావు. టి.సి.ఎస్., ఇన్ఫోసిస్, హెచ్.సి.ఎల్. వచ్చాయి. లుపిన్ వారి మందుల ఫ్యాక్టరీ వచ్చినది. ఎయిరిండియా బోయింగ్ వారి వద్ద 68 విమానాలు కొన్నందుకు ప్రతిగా వారు కట్టిచ్చిన మరమ్మతు కేంద్రం 2015లో పని మొదలుపెట్టినది. ఎయిమ్స్ ఆస్పత్రికి 2022 డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగినది. చదువుకున్న పిల్లలు కొందరైనా పూనాకో హైదరాబాదుకో పోకుండా తల్లిదండ్రుల కంటి ఎదుట ఉన్నారు. ఇది చిన్న లాభమని నేననను. అయితే ఏ పేరుతో భూమి తీసుకున్నారో ఆ సరకు కూడలి మాత్రం రాలేదు. రెండవ రన్‌వే సంగతి చెప్పనే అక్కరలేదు. 2024 దాకా అది కాగితం మీదనే ఉన్నది.

ఎందుకు రాలేదు? దీనికి పెద్ద ఆర్థిక శాస్త్రం చదవనక్కరలేదు, కమలాపండు చాలును.

మన ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తుకు వచ్చేది కమలాలు. ఇక్కడి నుండి విమానం ఎక్కదగిన పంట ఇదేనని సభలలో చాలామంది అన్నారు. కాని కమలాపండు బరువు ఎక్కువ, ధర తక్కువ. విమాన బాడుగ బరువును బట్టి ఉంటుంది. కిలో పండ్ల ధరకన్నా వాటిని మోసే బాడుగే ఎక్కువైతే కొనేవాడెవడు? అందువల్లనే మన కమలాలు లారీలెక్కి బంగ్లాదేశ్ వెళ్ళాయి. అక్కడ దిగుమతి సుంకం పెంచినప్పుడల్లా తోటలవారు లబోదిబోమన్నారు. ప్రపంచ వర్తకంలో విమానాలు మోసే సరకు బరువులో నూటికి ఒక పాలు కూడా ఉండదు, విలువలో మాత్రం మూడవ వంతు దాకా ఉంటుందని అంచనా. మందులు, సెల్‌ఫోన్లు, యంత్రాల విడిభాగాలు, నగలు, నిలవ ఉండని చేపలు, పువ్వులు – ఇవీ విమానమెక్కేవి. వరి, బొగ్గు, సిమెంటు, కమలాలు ఎక్కవు.

ఇంకొక లెక్క చూడండి. పెద్ద సరకు విమానం, బోయింగ్ 777 జాతిది, ఒక్కసారికి సుమారు 100 టన్నులు మోస్తుంది. రోజుకొకటి చొప్పున వెళ్ళాలంటే ఏడాదికి 36,500 టన్నులు ఈ ఊరి నుండే పుట్టాలి. నాగపూరు విమానాశ్రయంలో ఏడాది పొడుగునా ఎక్కి దిగే సరకంతా కలిపినా దానికి చాలా దూరం. వెళ్ళేటప్పుడు నిండితే చాలదు, వచ్చేటప్పుడూ నిండాలి. తిరుగు లోడు దొరకని ఊరికి లారీ డ్రైవరే రెండింతల బాడుగ అడుగుతాడు, విమానం వాడు ఊరుకుంటాడా? పైగా లోకంలో విమాన సరకు దాదాపు సగం ప్రయాణికుల విమానాల అడుగు అరలలోనే పోతుంది. ఏ ఊరి నుండి పరదేశాలకు జనం ఎక్కువగా వెళతారో ఆ ఊరి నుండే సరకూ వెళుతుంది. బొంబాయి, ఢిల్లీ ఉండగా నడిబొడ్డున ఆగవలసిన అవసరం సరకుకు లేకపోయినది. డకోటాకు మధ్యలో దిగడం అవసరం, జెట్టుకు కాదు.

హైదరాబాదులో కథ వేరు. 2008లో శంషాబాదు విమానాశ్రయం తెరిచేనాటికే నగరం చుట్టూ మందుల ఫ్యాక్టరీలు నిండి ఉన్నాయి. చల్లగా ఉంచవలసిన మందులకు అక్కడ ప్రత్యేకమైన గోదాము కట్టారంటే, కట్టకముందే లోపల పెట్టడానికి సరకు సిద్ధంగా ఉన్నది. మనవారు ముందు పందిరి వేసి తరువాత పెళ్ళికొడుకును వెదికారు.

ఇక ఖర్చు ఎవరిదని చూద్దాం. ప్రభుత్వం వదులుకున్న పన్నులు కొంత. ప్రత్యేక ఆర్థిక మండలి అని పేరుపెట్టి ఎగుమతిదారులకు పన్ను మినహాయించారు. 2011 బడ్జెటులో వారికి కూడా కనీస పన్ను వేసిన మీదట కొందరి ఉత్సాహం చల్లారినది. దీనికన్నా పెద్ద ఖర్చు శివణగావ్, ఖాప్రీ, తేల్హారా, కల్కుహీ, దహేగావ్ రైతులది. వారిచ్చిన భూమి మొదటి రోజునే పోయినది. లాభం వస్తే పదిహేనేళ్ళకో ఇరవయ్యేళ్ళకో వస్తుంది, వచ్చినా వారి ఇంటికే వస్తుందన్న హామీ లేదు. పరిహారం చాలలేదని శివణగావ్ వారు ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. అదే రోడ్డున అటువైపు చదరపు గజాల లెక్కన స్థలం అమ్ముకున్నవారు మేడలు కట్టారు; ఇటువైపు ఎకరాల లెక్కన ఇచ్చినవారి కొడుకులు కొందరు ఆ కొత్త కంపెనీల గేటు దగ్గర కాపలా కాస్తున్నారు. నాకు ఈ సంగతి ఎన్నడూ సరిపడలేదు.

సరకు కూడలి నిజంగా వచ్చినా నిశ్చింత అనుకోరాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రాన విల్మింగ్టన్ అని పన్నెండు వేల జనాభాగల ఊరున్నది. పాత వైమానిక స్థావరంలో ఒక పార్సెలు కంపెనీ కూడలి పెట్టుకున్నది. 2003లో దానిని డి.హెచ్.ఎల్. వారు కొన్నారు, 2005లో తమ కూడలిని సిన్సినాటి నుండి అక్కడికి మార్చారు. రాష్ట్రం కూడా బోలెడంత సాయం చేసినది. 2008లో, అమెరికాలో ఇంటింటి బట్వాడా గిట్టదని మూటాముల్లె సర్దుకోవడం మొదలుపెట్టి, తరువాత పాత సిన్సినాటికే వెళ్ళిపోయారు. ఊరూ, చుట్టుపట్ల జిల్లాలూ కలిసి వేలాది ఉద్యోగాలు పోగొట్టుకున్నాయి. ఏడేళ్ళ తరువాత, 2015లో, అమెజాన్ వారి సరకు ఆ రన్‌వే మీదకే వచ్చినది గాని, ఆ ఏడేళ్ళూ ఇళ్ళ అప్పులు కట్టిందెవరు? ఉక్కు ఫ్యాక్టరీ పెట్టినవాడు కొలిమిని వీపున వేసుకొని పోలేడు. విమానం ఉన్నది పోవడానికే.

నిద్ర సంగతి కూడా కద్దు. సరకు విమానాలు రాత్రి పక్షులు. బ్రస్సెల్సులో రాత్రి మోతపై పెద్ద తగవై, 2004లో డి.హెచ్.ఎల్. వారు విస్తరణ మానుకొని జర్మనీలోని లైప్‌జిగ్‌ను ఎన్నుకున్నారు. ఎయిమ్స్ రోగులూ, చించ్‌భువన్ పిల్లలూ మన దగ్గర ఆ మాట ఎత్తే రోజు ఇంకా రాలేదు.

ఇప్పుడు కథ మళ్ళీ మొదటికి వచ్చినది. నాగపూరు విమానాశ్రయం వేలంలో 2019లో జి.ఎం.ఆర్. వారు నెగ్గారు. రాజాం నుండి వచ్చిన గ్రంధి మల్లికార్జునరావు గారి కంపెనీ గనుక మనవారికి కొంత ముచ్చట. 2020లో ప్రభుత్వం దానిని రద్దు చేయగా, వారు హైకోర్టులోనూ సుప్రీం కోర్టులోనూ గెలిచి, 2024 అక్టోబరులో ఒప్పందం వ్రాసుకున్నారు. మళ్ళీ సరకు కూడలి మాట వినవస్తున్నది.

మనవారి కంపెనీ అని చప్పట్లు కొట్టేముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఇక్కడి మందుల ఫ్యాక్టరీల నుండి, విమాన విడిభాగాల ఫ్యాక్టరీల నుండి నెలకు ఎన్ని టన్నులు విమానమెక్కగలవు? గల్ఫు వైపు పోయే ప్రయాణికుల విమానాల అడుగు అరలు ఇప్పుడు నిండుతున్నాయా, ఖాళీగా పోతున్నాయా? ఆ అరలే నిండకపోతే ప్రత్యేక సరకు విమానం ఎందుకు? చల్లని గోదామూ సుంకపు కచేరీ రాత్రింబవళ్ళు తెరిచి ఉంచడం రెండవ రన్‌వేకన్నా ఎంతో చవక. ముందు అది చేసి చూడరాదా? కొత్త భూమి కావాలంటే, ఇరవయ్యేళ్ళనాడు తీసుకున్నదానిలో ఖాళీగా పడి ఉన్నదెంత? ఉద్యోగాలలో శివణగావ్, ఖాప్రీ పిల్లలకు ఎన్ని అని కాగితం మీద వ్రాసి ఇస్తారా? వీటికి జవాబు సంతృప్తిగా వస్తే, పన్నులు కట్టే మనిషిగా నేను చేతులెత్తి ఒప్పుకుంటాను.

మా చెల్లెలు విశాఖపట్నంలో ఉంటుంది. ఏటా మార్గశిరంలో ఒక బుట్ట కమలాలు పంపడం మా ఇంటి ఆనవాయితీ. “విమానంలో పంపరాదా అన్నయ్యా, తాజాగా ఉంటాయి” అని ఫోనులో వేళాకోళమాడుతుంది. ఈసారి కూడా సమతా ఎక్స్‌ప్రెస్సులో వెళ్ళే మన సంఘం వారొకరి చేతికే ఇచ్చాను. రెండు పండ్లు మాత్రమే నలిగాయట.