ఎలక్ట్రిక్ బండికి మన ఇంటి ప్లగ్గు సరిపోతుందా?

సంక్రాంతి వచ్చిందంటే మన తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్లలో హైదరాబాదు, బెంగుళూరు కార్లు ఎన్ని నిలబడతాయో మీకు తెలియనిది కాదు. వాటిలో ఇప్పుడు ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉన్నవి కూడా కనిపిస్తున్నాయి. ఆకుపచ్చ ప్లేటు అంటే బ్యాటరీతో నడిచే బండి. హైదరాబాదు నుంచి మన ఊరికి నాలుగు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. దారిలో హైవే మీద ఒకసారి ఫాస్ట్ చార్జరు దగ్గర ఆగినా, ఊళ్లోకి వచ్చేసరికి బ్యాటరీ అడుగంటుతుంది. అప్పుడు కొత్త అల్లుడు కారు డిక్కీలోంచి ఒక లావుపాటి వైరు తీసి, "మావయ్యగారూ, ప్లగ్గు ఎక్కడుందండీ?" అని అడుగుతాడు. మావయ్యగారు వరండాలో సెల్ ఫోను పెట్టుకునే బోర్డు చూపిస్తారు. ఈ వ్యాసం ఆ బోర్డు గురించే!

ముందు యూనిట్ అంటే ఏమిటో చూద్దాం. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఖర్చయ్యే కరెంటు ఒక యూనిట్. మీటరు రీడింగు తీసేది ఈ లెక్కలోనే, బ్యాటరీ సైజు చెప్పేదీ ఈ లెక్కలోనే. ఉదాహరణకు 2020 జనవరిలో టాటా వారు విడుదల చేసిన నెక్సాన్ ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ 30.2 యూనిట్లది. అందులో ఐదో వంతు మిగిలి ఉండగా ఇంటికి చేరిందనుకుందాం. నిండడానికి 24 యూనిట్లు కావాలి. చార్జరులో, బ్యాటరీలో వేడి రూపంలో కొంత పోతుంది కాబట్టి మన మీటరు మీద సుమారు 27 పడతాయి. ఒక మామూలు ఇంట్లో వారం పది రోజుల వాడకం అది. ఒక్క రాత్రిలో!

మన ఇళ్లలో ప్లగ్గులు రెండు రకాలు. ఫోను, ఫ్యాను పెట్టే చిన్నది 5 లేక 6 ఆంపియర్లది. గీజరు, మోటారు పెట్టే పెద్దది, పవర్ ప్లగ్గు అంటాం, 15 లేక 16 ఆంపియర్లది. మన వోల్టేజి 230 కనుక పెద్ద ప్లగ్గు నుంచి 15 ఆంపియర్లు తీసుకుంటే దాదాపు 3,400 వాట్లు. కారుతో ఇచ్చే చార్జరు మామూలుగా ఈ పెద్ద ప్లగ్గుకే తయారవుతుంది. 27 యూనిట్లకు ఎనిమిది గంటలు పడుతుంది. గీజరు కూడా రెండు మూడు వేల వాట్లు లాగుతుంది కదా, దానికి లేని గొడవ కారుకెందుకు అని అడగవచ్చు. గీజరు ఇరవై నిమిషాల్లో ఆగిపోతుంది. వైరు కొద్దిగా వేడెక్కి మళ్లీ చల్లారుతుంది. కారు అలా కాదు. రాత్రి పదికి పెడితే తెల్లవారి ఆరు దాకా ఒకే జోరున లాగుతుంది. వైరు చల్లారే సందే ఉండదు.

ఇంటర్లో చదివిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. ఒక సాకెట్టులో పిన్ను వదులై ఆ అతుకు దగ్గర 0.2 ఓమ్‌ల నిరోధం ఉందనుకోండి. 5 ఆంపియర్లు పోతే అక్కడ పుట్టే వేడి 5 వాట్లు, చేతికి గోరువెచ్చగా తగులుతుంది. 15 ఆంపియర్లు పోతే 45 వాట్లు! కరెంటు మూడింతలైతే వేడి తొమ్మిదింతలు. పిన్ను సైజంత చోటులో 45 వాట్లు ఎనిమిది గంటలు ఉంటే ప్లాస్టిక్ కరుగుతుంది. హాస్టల్లో బకెట్టులో హీటరు పెట్టి, ప్లగ్గు నల్లబడ్డాక వచ్చే వాసన మనలో ఎంతమందికి తెలియదు! (వార్డెన్ గారు ఈ వాక్యం చదవకుండా దాటేయాలని మనవి.)

కాబట్టి పెద్ద పిన్నును చిన్న సాకెట్టుకు కలిపే కన్వర్టరు కొనుక్కొచ్చి పని కానిచ్చేద్దామనుకోవడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. చిన్న ప్లగ్గు వెనక ఉండే వైరు మామూలుగా 1 లేక 1.5 చదరపు మిల్లీమీటర్లది. దాని ద్వారా రాత్రంతా 15 ఆంపియర్లు పంపకూడదు. చుట్ట చుట్టిన ఎక్స్‌టెన్షన్ వైరును విప్పకుండా వాడటం కూడా అంతే. లోపలి చుట్ల వేడి బయటికి పోయే దారి లేదు.

ఇందులో ఒక తేలిక మార్గం ఉంది. చాలా చార్జర్లలో కరెంటు తగ్గించుకునే వీలుంటుంది. 6 ఆంపియర్లకు తగ్గిస్తే దాదాపు 1,400 వాట్లు, కారు నిండడానికి 19 గంటలు. "అమ్మో, 19 గంటలా!" అనకండి. పండక్కి వచ్చిన చుట్టం మూడు రోజులు ఉంటాడు. కారు ఎలాగూ చింతచెట్టు కింద నిలబడే ఉంటుంది. తొందరున్నవాడికి కావలసిన ఫాస్ట్ చార్జరు వేరు, ఉండటానికి వచ్చినవాడికి కావలసిన నిదానపు ప్లగ్గు వేరు.

ఈ చిక్కు మనకే వచ్చిందనుకోవద్దు. ఐరోపా దేశాల్లో సెలవులకు కారు వెనక చక్రాల ఇల్లు తగిలించుకుని ఊరూరా తిరుగుతారు. దాన్ని క్యారవాన్ అంటారు. రాత్రి ఆగే మైదానాల్లో ఒక్కో బండికి ఒక్కో కరెంటు స్తంభం ఉంటుంది. బ్రిటన్‌లో దానికి మామూలుగా 16 ఆంపియర్లు, ఫ్రాన్సులో చాలాచోట్ల 6 లేక 10 మాత్రమే. అక్కడి వైర్లు వేసినవాళ్లు ఒక లెక్క వేసుకున్నారు: ఒకరు టీ కాచుకుంటుంటే ఇంకొకరు నిద్రపోతుంటారు, అందరూ ఒకేసారి పూర్తి కరెంటు లాగరు అని. ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఆ లెక్క తప్పింది. సాయంత్రం చేరిన కార్లన్నీ ఒకేసారి తగిలిస్తే మైదానం మొత్తం చీకటి! అందుకే ఎన్నో చోట్ల క్యారవాన్ స్తంభానికి కారు తగిలించవద్దని బోర్డు పెట్టి, కార్లకు వేరే మీటరున్న పాయింట్లు వేశారు. మన ఊరి లెక్కా ఇదే. వీధి చివర 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఉంటే, ఏడు కార్లు ఒకేసారి తగిలించేసరికి దాని శక్తి అయిపోతుంది. ఇక ఇళ్లలో లైట్ల మాట ఏమిటి? భోగి రాత్రి లైన్‌మన్‌ని పిలవాలంటే ఆయనకీ పండగే కదా!

లంబసింగి చలికి టెంట్లు వేసుకునే చోట కొందరు డీజిల్ జనరేటరు పెడతారు. దానితో కారు చార్జి చేయడం మాత్రం వింత. చిన్న జనరేటరు లీటరు డీజిల్‌కు మూడు యూనిట్లు ఇస్తుందనుకుంటే, 27 యూనిట్లకు 9 లీటర్లు కావాలి. ఆ 9 లీటర్లూ పోసుకున్న డీజిల్ కారు అంతే దూరం, బహుశా ఇంకాస్త ఎక్కువే పోతుంది.

ఎర్తు గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. ఎందుకంటే ప్రాణం పోయేది ఇక్కడే. మంచి చార్జరు ఎర్తు లేకపోతే ఎర్ర లైటు వేసి పనిచేయనంటుంది. అప్పుడు మనవాళ్లకు ఒక తెలివి పుడుతుంది: సాకెట్టులో న్యూట్రల్ నుంచి చిన్న వైరు ముక్క తీసి ఎర్తు పిన్నుకు కలిపేస్తారు. చార్జరు మోసపోతుంది, లైటు ఆకుపచ్చ అవుతుంది. కానీ ఎక్కడైనా స్తంభం దగ్గర న్యూట్రల్ వైరు తెగిందనుకోండి, 230 వోల్టులు తిన్నగా కారు ఇనుప ఒంటి మీదకు వస్తాయి. పొద్దున్నే మంచుకి తడిసిన నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ఎవరు తలుపు ముట్టుకున్నా అంతే సంగతులు. ఎర్తు వేయించడం మనకేమీ కష్టం కాదు. రాయలసీమలోలా రాతి నేల కాదు మనది, తడి పట్టి ఉండే డెల్టా మట్టి. గొయ్యి తీసి ఎర్తు పైపు దింపి, ఉప్పు, బొగ్గు పోసి, ఎండాకాలంలో అప్పుడప్పుడూ నాలుగు బిందెల నీళ్లు పోస్తే చాలు. దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పినా కట్ చేసే ఆర్‌సీసీబీ అనే స్విచ్చు బోర్డులో ఉండాలి.

కొల్లేరు వైపు ఇంకో రకం ఆశ ఉంటుంది. చేపల చెరువు గట్టు మీద ఏరేటర్లకు త్రీఫేజు కరెంటు, అదీ రాయితీ ధరకు. పొలం మోటారుకైతే ఉచితం. కారు అక్కడ తగిలిస్తే ఎవరు చూస్తారు? 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం ఒక పనికిచ్చిన కరెంటును వేరే పనికి వాడటం అనధికార వాడకం, రెట్టింపు ధర కట్టాలి. ఇంటి మీటరు మీద సొంత బండి చార్జి చేసుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. 2022 జనవరిలో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది స్పష్టంగా ఉంది.

చుట్టాల కార్ల గురించి ఇంతసేపు చెప్పాను గానీ, మన ఇళ్లలో ముందు వచ్చేది కారు కాదు, ఆటో. మా నాన్న డీజిల్ ఆటో నడుపుతారు. ఎలక్ట్రిక్ ఆటో కొందామా అని నన్నడిగారు. ఇంట్లో మొదట డిగ్రీ పాసైనవాణ్ణి కాబట్టి ఇలాంటి లెక్కలన్నీ నా మీదే పడతాయి. వేసి చూశాను. మహీంద్రా ట్రియో రకం ఆటో బ్యాటరీ 7.37 యూనిట్లు. వృథాతో కలిపి రోజుకు మీటరు మీద 8.4 అనుకుంటే 25 రోజులకు 210 యూనిట్లు. ఇంటి వాడకం 100 అనుకుంటే మొత్తం 310. 2022 ఆగస్టులో వచ్చిన శ్లాబుల ప్రకారం 100 యూనిట్లకు సుమారు 305 రూపాయలు, 310కి సుమారు 1,761. ఇతర చార్జీలు వేరు. అంటే ఆటో కోసం 1,456 రూపాయలు. రోజుకు 110 కిలోమీటర్లు, లీటరుకు 30 చొప్పున డీజిల్ ఆటోకైతే నెలకు 92 లీటర్లు. లీటరు 95 లెక్కన చూసినా 8,700 పైమాటే. తేడా చూసి నాన్న కళ్లు మెరిశాయి.

కానీ ఇక్కడొక మెలిక ఉంది. మన హాస్టల్లో చదివిన చాలామంది ఇళ్లలాగే మా ఇంటికీ నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2019లో ఈ హద్దు 200కు పెంచారు. ఆటో ఒక్కటే 210 తాగేస్తుంది! ఫ్యాను, టీవీ, ఆటో అన్నీ ఒకే మీటరు మీద తిరిగితే ఆ హద్దు మొదటి నెలలోనే దాటిపోతుంది. ఆటో కంపెనీ మనిషి చూపించే లాభం లెక్కలో ఈ సంగతి ఉండదు. అందుకని ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగుకు ఉన్న వేరే కేటగిరీలో రెండో మీటరు పెట్టించుకుంటే ఇంటి లెక్క ఇంటికే ఉంటుంది. బండి కొనకముందే కరెంటు ఆఫీసులో మాట్లాడాల్సిన విషయం ఇది. ఆ పనిలోనే లోడు కూడా పెంచమని రాసివ్వాలి. కాలనీ ఇళ్లలో చాలావాటికి మంజూరైన లోడు ఒక కిలోవాట్ లోపే, ఆటో చార్జరు ఒక్కటే అంతకు మించి లాగుతుంది.

మా ఇంటి వరకు, మీటరు నుంచి ఆటో నిలిపే చోటుకు నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ, ఒక ఆర్‌సీసీబీ, మంచి 16 ఆంపియర్ల సాకెట్టు ఎంతవుతాయో వైర్‌మన్‌ని కాగితం మీద రాసిమ్మన్నాం. రెండో మీటరు దరఖాస్తు నేనే నింపాను. కాగితం ఇంకా రాలేదు గానీ, ఎర్తు గొయ్యి మాత్రం నేనూ మా తమ్ముడూ కలిసి తవ్వేశాం.