ఇద్దరికి స్నోబోర్డింగ్ ట్రిప్: పలాస నుంచి అల్మాటీ దాకా అన్నీ ఫోన్‌లోనే బుక్ చేశా, ఎక్కడ దెబ్బతిన్నానో కూడా చెప్తా

ఈసారి ఫోన్ రివ్యూ కాదు, ఆ ఫోన్‌తో నేను చేసిన ఒక పెద్ద పని గురించి. మా చెల్లి బీటెక్ పూర్తయి ఆఫర్ లెటర్ వస్తే స్నోబోర్డింగ్‌కి తీసుకెళ్తానని ఎప్పుడో మాటిచ్చా. మొన్న లెటర్ వచ్చింది. ఇక తప్పించుకునే దారి లేదు.

మాది పలాస. ఇంట్లో విషయం చెప్పగానే అమ్మ "ఏట్రా, లంబసింగి చలి సాల్లేదేటి మీకు?" అంది. నాన్న మాత్రం ఒకటే అడిగారు: "నెలలో ఉద్యోగంలో చేరాల. సెయ్యి ఇరిగితే ఏటవుద్ది?" ప్లానింగ్ అంతా నిజానికి ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఎక్కడికి వెళ్లాలి?

మంచు కోసమే అయితే మన గుల్మార్గ్ సూపర్. కానీ చెల్లికి ఫారిన్ కావాలి, నా బడ్జెట్‌కి యూరప్ కుదరదు. షెంజెన్ వీసాకే పెద్దవాళ్లకి తలా 90 యూరోలు ఫీజు, దాని మీద అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూపులు. జార్జియాలో గుడౌరి బాగుంటుంది, దానికీ వీసా ప్రాసెస్ ఉంది.

కజకిస్తాన్ అయితే 2022 జూలై నుంచి ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు వీసా లేకుండా ఒకసారికి 14 రోజుల దాకా ఉండొచ్చు. ఢిల్లీ నుంచి అల్మాటీకి డైరెక్ట్ ఫ్లైట్ సుమారు నాలుగు గంటలు. సిటీ నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలోనే షింబులాక్ రిసార్ట్ ఉంది. బేస్ ఎత్తు 2,260 మీటర్లు, పైన లిఫ్ట్ చివర సుమారు 3,200 మీటర్లు. 12 నంబర్ సిటీ బస్ మెదెయు దాకా వెళ్తుంది, అక్కడి నుంచి గొండోలా. అంటే ఖరీదైన రిసార్ట్ హోటల్ అక్కర్లేదు, సిటీలో మామూలు రూమ్ తీసుకుని రోజూ పైకి వెళ్లి రావచ్చు. ఖర్చులో అసలు ఆదా ఇక్కడే.

నేను చేసిన మొదటి తప్పు: ఇంటి పేరు

ఆఫర్ కనపడగానే ఆత్రంగా టికెట్ బుక్ చేసేశా. నా పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్, గివెన్ నేమ్ వేరువేరుగా ఉన్నాయి. చెల్లిదీ అలాగే ఉంటుందనుకుని ఇంటి పేరు సర్‌నేమ్ బాక్స్‌లో కొట్టేశా. సాయంత్రం పాస్‌పోర్ట్ తీసి చూస్తే సర్‌నేమ్ గడి ఖాళీ! పదో తరగతి మెమోలో ఉన్నట్టు ఇంటి పేరుతో సహా మొత్తం గివెన్ నేమ్‌లోనే ఉంది. బుకింగ్ యాప్‌లో పేరు మార్చే ఆప్షన్ లేదు. క్యాన్సిల్ చేస్తే కొంత డబ్బు పోయింది.

మన తెలుగువాళ్లకి ఇది చాలా కామన్ ప్రాబ్లమ్. కొన్ని దేశాలు సీరియస్‌గా తీసుకుంటాయి కూడా. 2022 నవంబర్ నుంచి యూఏఈ సర్‌నేమ్ లేని సింగిల్ నేమ్ పాస్‌పోర్ట్‌తో విజిటర్లని రానివ్వడం లేదు. చెల్లికి రేపు ఆఫీస్ పని మీద కూడా ఇబ్బంది రాకూడదని పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో రీఇష్యూకి పెట్టించా. 36 పేజీల బుక్‌కి నార్మల్ ఫీజు 1,500 రూపాయలు. కొత్తది చేతికొచ్చాకే మళ్లీ టికెట్ తీశాం. కాబట్టి ఇద్దరి పాస్‌పోర్ట్‌లూ ఎదురుగా తెరిచి పెట్టుకుని, అక్షరం అక్షరం చూసి టైప్ చేయండి. ఎక్స్‌పైరీకి కనీసం ఆరు నెలలు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

ఫ్లైట్: చీప్ అని విడివిడిగా కొనకండి

వైజాగ్–ఢిల్లీ ఒక టికెట్, ఢిల్లీ–అల్మాటీ ఇంకో టికెట్ తీస్తే యాప్‌లో రేటు తక్కువ చూపిస్తుంది. కానీ మొదటి ఫ్లైట్ లేట్ అయి రెండోది మిస్ అయితే రెండో ఎయిర్‌లైన్‌కి సంబంధం లేదు, ఆ డబ్బు గోవిందా. డిసెంబర్, జనవరిల్లో ఢిల్లీ పొగమంచు సంగతి తెలిసిందే. రెండూ ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత వాళ్లది. అలా దొరక్కపోతే మధ్యలో ఒక రాత్రి గ్యాప్ పెట్టుకోండి. మేము మార్చి మొదటి వారం ఎంచుకున్నాం. పొగమంచు బెడద తగ్గుతుంది, షింబులాక్‌లో సీజన్ మామూలుగా ఏప్రిల్ దాకా నడుస్తుంది.

ఇన్సూరెన్స్: నాన్న ప్రశ్నకి జవాబు

టికెట్‌తో పాటు యాప్ ఒక ట్రావెల్ ఇన్సూరెన్స్ టిక్ పెట్టి ఇస్తుంది. చాలామంది అదే సరిపోతుందనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా. పాలసీ పీడీఎఫ్ ఓపెన్ చేసి "స్కీయింగ్" అని సెర్చ్ కొడితే అది "వర్తించనివి" లిస్టులో ఉంది! అంటే మేము ఏ పని కోసం వెళ్తున్నామో దానికే కవర్ లేదు. అది తీసేసి, వింటర్ స్పోర్ట్స్ కవర్ ఉన్న పాలసీ వేరే కొన్నా. కొనేముందు మూడు చూడండి: స్నోబోర్డింగ్ పేరు స్పష్టంగా ఉందా, హాస్పిటల్ ఖర్చుతో పాటు కిందికి తరలించే ఖర్చు ఇస్తారా, మార్క్ చేసిన ట్రాక్ దాటితే కవర్ పోతుందా. ఈ మూడోదానికి జవాబు ఎక్కువగా "పోతుంది" అనే ఉంటుంది.

స్నోబోర్డింగ్‌లో కొత్తవాళ్లకి ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకే. రెండు కాళ్లూ ఒకే బోర్డుకి కట్టేసి ఉంటాయి కాబట్టి పడేటప్పుడు చేతులు ఆనిస్తాం. కీబోర్డ్ మీద బతికే మనకి అది మామూలు విషయం కాదు. అందుకే రిస్ట్ గార్డ్‌లు రెండు జతలు ఇక్కడే కొన్నా. బోర్డ్, బూట్లు, హెల్మెట్ అక్కడ అద్దెకి దొరుకుతాయి, వాటిని మోసుకెళ్లక్కర్లేదు. గాగుల్స్, గ్లోవ్స్, థర్మల్స్ మాత్రం మన సైజ్‌కి సొంతం ఉంటే మంచిది. మొదటి రోజుకి ట్రైనర్‌ని బుక్ చేయండి, యూట్యూబ్ చూసి నేర్చుకుందాం అనుకోకండి.

డబ్బు: యూపీఐ అలవాటు పక్కన పెట్టండి

అక్కడ కరెన్సీ టెంగే. లోకల్ వాళ్లంతా కాస్పి అనే యాప్‌తో క్యూఆర్ కొడతారు, అది మనకి పనికిరాదు. కార్డ్, కొంచెం క్యాష్ ఉండాలి. చాలా క్రెడిట్ కార్డులు ఫారెక్స్ మార్కప్ 3.5 శాతం దాకా వేస్తాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ. 50,000 రూపాయలు వాడితే 1,750 ప్లస్ 315, మొత్తం 2,065 రూపాయలు ఉత్తినే పోతాయి. జీరో మార్కప్ కార్డ్ తీసుకోండి. మెషీన్ "రూపాయల్లో కట్టాలా, టెంగేల్లో కట్టాలా" అని అడిగితే టెంగే నొక్కండి. రూపాయలు నొక్కితే మార్పిడి రేటు వాళ్లిష్టం.

ఫోన్ సెట్టింగ్స్: మన ఏరియా

1. ఇ-సిమ్ ఇంటి దగ్గరే వైఫైలో ఇన్‌స్టాల్ చేసేయండి. బ్యాంక్ ఓటీపీల కోసం ఇండియన్ సిమ్‌కి రోమింగ్ ఆన్ చేసి, దాని మొబైల్ డేటా మాత్రం ఆఫ్ చేయండి.

2. మ్యాప్‌కి టూజీఐఎస్ యాప్‌లో అల్మాటీ ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ చేయండి. టాక్సీకి యాండెక్స్ గో.

3. ఓఎస్ అప్‌డేట్ చేసుకోండి. కజకిస్తాన్ 2024 మార్చి 1 నుంచి దేశమంతా ఒకే టైమ్‌కి మారింది. అల్మాటీ ఇప్పుడు మనకంటే అరగంట వెనక. టైమ్‌జోన్ డేటా పాతదైతే ఫోన్ గంట ఎక్కువ చూపిస్తుంది. చెల్లి పాత ఫోన్‌లో అదే జరిగింది.

4. చలిలో లిథియం బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది, 40 శాతం చూపిస్తూనే ఫోన్ ఆఫ్ అయిపోవచ్చు. ఒంటికి దగ్గరగా లోపలి జేబులో పెట్టండి. చల్లగా ఉన్న ఫోన్‌ని వెంటనే చార్జ్ చేయొద్దు, సున్నా డిగ్రీల కింద చార్జింగ్ బ్యాటరీని శాశ్వతంగా పాడు చేస్తుంది.

5. పవర్ బ్యాంక్ క్యాబిన్ బ్యాగ్‌లోనే, 100 వాట్ అవర్స్ లోపు. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్స్, ఓకే.

6. క్రాష్ డిటెక్షన్ ఉన్న ఫోన్, వాచ్ అయితే జాగ్రత్త. 2022–23 సీజన్‌లో అమెరికా స్కీ రిసార్ట్‌ల నుంచి ఎమర్జెన్సీ సెంటర్లకి ఇలాంటి ఫాల్స్ కాల్స్ చాలా వెళ్లాయి. పూర్తిగా ఆఫ్ చేయమనను. పడ్డాక ఒకసారి స్క్రీన్ చూసుకోండి, నిజంగా అవసరమైతే అక్కడ నంబర్ 112.

చివరికి ఏమైందంటే

మొదటి రోజు గంటన్నర కూర్చోవడం, లేవడం, పడడం, అంతే. రెండో రోజు చెల్లి స్పీడ్‌గా వచ్చి రెండు చేతుల మీదా పడింది. నా గుండె ఆగినంత పనైంది. లేచి రిస్ట్ గార్డ్ విప్పి, వేళ్లు ఆడించి, "అన్నయ్యా, టైపింగ్‌కి ఢోకా లేదు" అని నవ్వింది. ఇన్సూరెన్స్ వాడాల్సిన పని పడలేదు. డబ్బు దండగ అని మాత్రం ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

రాత్రి వీడియో కాల్‌లో నాన్న అమ్మాయి చేతులు రెండూ చూపించమన్నారు. చూశాక "సరే, జీడిపప్పు తిన్నారా?" అని అడిగారు. మా ఇంట్లో పర్మిషన్ అంటే అదే.

టిక్కెట్ రేట్లు రోజూ మారతాయి, ఆఫర్లు వస్తాయి, పోతాయి. మీరు మాత్రం ఈ ఆర్డర్ మార్చకండి: ముందు పాస్‌పోర్ట్, తర్వాత పాలసీ పీడీఎఫ్, ఆ తర్వాతే టికెట్.