జపనీస్, కొరియన్‌లో డిగ్రీ చేయాలంటే.. సిక్కోలు, విజయనగరం విద్యార్థులు ఎక్కడికెళ్లాలి?

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఇంటర్ పూర్తిచేశారు, జపనీస్ లేదా కొరియన్‌లో డిగ్రీ చేయాలనుంది. ఏం చేయాలి? ఢిల్లీ జేఎన్‌యూలో రెండు భాషల్లోనూ బీఏ ఆనర్స్ ఉంది. జపనీస్‌కైతే హైదరాబాద్‌లోని ఇఫ్లూ కూడా ఉంది. రెండూ కేంద్రీయ విశ్వవిద్యాలయాలే కాబట్టి ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే ఫీజు చాలా తక్కువ. జేఎన్‌యూ బీఏ సీటుకు సీయూఈటీ రాయాలి. భాష ముందే రానక్కర్లేదు, అక్షరాల నుంచే మొదలుపెడతారు. దాంతోపాటు ఆ దేశ చరిత్ర, సాహిత్యం, సంస్కృతీ చదువుతారు.

మనకో సౌలభ్యం ఉంది. 'వాతాషి వా గోహాన్ ఓ తాబేమాషిత' అంటే 'నేను అన్నం తిన్నాను'. పదాల వరుస అచ్చం తెలుగులాగే! కొరియన్‌లోనూ క్రియ చివరే. అక్షరాల దగ్గరే తేడా. కొరియన్‌కు మూలాక్షరాలు 24. జపనీస్‌లో నిత్యవాడుకకు నిర్దేశించిన కంజీలే 2,136.

'ఎన్5 పాసైతే జపాన్‌లో ఉద్యోగం ఖాయం' అనే కోచింగ్ ప్రకటనలు చూసి అప్పుచేసి ఫీజు కట్టకండి. జేఎల్‌పీటీలో ఎన్5 అన్నిటికన్నా కింది మెట్టు. జపాన్ స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణంగా ఎన్4 లేదా జేఎఫ్‌టీ-బేసిక్ కావాలి, ఆపైన ఆ పనిలో నైపుణ్య పరీక్ష ఉంటుంది. పైగా జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్షే లేదు. సర్టిఫికెట్‌కు గడువు లేకపోవడం మాత్రం మేలే. కొరియన్ టోపిక్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది.