చింతపండు కట్టేస్తుంది... సున్నం విప్పేస్తుంది!

చేపల పులుసుకీ ఖైనీకీ సంబంధం ఏమిటంటారా? ఉంది. రెండింటి వెనకా ఉన్నది ఒకే రసాయన చర్య. వంటింట్లో అది మనకు మేలు చేస్తుంది. అరచేతిలో మాత్రం తలకిందులై మనిషిని వ్యసనానికి బానిసను చేస్తుంది.

నీచు ఎలా పోతుంది?

సముద్రపు చేప చచ్చాక బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది. అప్పుడు పుట్టేదే ట్రైమిథైల్ అమీన్. ఇట్టే గాల్లోకి లేచి ముక్కుకు తగులుతుంది. మనం నీచు వాసన అనేది ఎక్కువగా దీన్నే. అమీన్లు క్షార గుణమున్నవి. నిమ్మరసమో చింతపండు పులుసో తగిలితే అందులోని ఆమ్లంతో కలిసి లవణాలుగా మారతాయి. లవణం గాల్లోకి లేవదు, నీళ్లలో కరిగిపోతుంది. ఇక వాసనెక్కడిది!

మాత్రల అట్టమీద ‘హైడ్రోక్లోరైడ్’ అన్న మాట చూసి యాసిడ్ కలిపారేమోనని కంగారుపడక్కర్లేదు. నీళ్లలో బాగా కరిగేందుకు, చెడకుండా నిలిచేందుకు మందును ఇలాగే లవణంగా మారుస్తారు.

సున్నం కలిపితే...

పొగాకులోని నికోటిన్ కూడా అమీనే. ఆకులో ఎక్కువ భాగం ఆమ్లాలతో జతకట్టి లవణంగా ఉంటుంది. ఆ రూపంలో నోటి పొరను అంత సులువుగా దాటలేదు. ఖైనీ నలిపేవాళ్లు సున్నం కలిపేది అందుకే. సున్నం ఆమ్లాన్ని లాగేసుకుంటుంది, నికోటిన్ విడిపోతుంది. పీహెచ్ 7 దగ్గర విడిగా ఉండే నికోటిన్ సుమారు 10 శాతం. 8 దగ్గర సగం. 9కి చేరితే 90 శాతం! అది చకచకా రక్తంలో కలుస్తుంది. అలవాటు అంత గట్టిగా పట్టుకునేది ఇందుకే. రోజూ నోట్లో పెట్టుకునే ఆ పొగాకులోనే క్యాన్సర్ కారకాలూ ఉంటాయి. ‘పొగ రాదు కదా’ అనుకుంటే పొరపాటే.

మానాలనుకుంటే...

డాక్టర్ సలహాతో నికోటిన్ గమ్ వాడేవాళ్లకూ ఈ రసాయన పాఠం పనికొస్తుంది. గమ్‌లో నికోటిన్ విడిపోవడానికి క్షారం కలుపుతారు. కాఫీ, పండ్లరసం, కూల్‌డ్రింక్ లాంటివి ఆ పని చెడగొడతాయి. అందుకే గమ్ వేసుకునే ముందు 15 నిమిషాలూ, అది నోట్లో ఉన్నంతసేపూ అవి వద్దు. గమ్‌ను గబగబా నమిలి మింగకుండా, కాస్త నమిలి బుగ్గన పెట్టుకోవాలి.

ఇంట్లో ఎవరైనా మానాలనుకుంటుంటే 1800-11-2356కు ఫోన్ చేయమనండి. కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు అది.