ఓవెన్ సెన్సర్: ఒక్క కొలతతో తేలదు

కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో కేకు పెట్టి 180 డిగ్రీలు నొక్కితే, కాసేపటికే అది ఆగిపోయి తెర మీద ఒక అక్షరం, పక్కన ఒక అంకె చూపిస్తుంది. సర్వీస్ పుస్తకంలో ఆ కోడ్‌కు ఎదురుగా ‘ఉష్ణోగ్రత సెన్సర్ లోపం’ అని ఉంటుంది. మెకానిక్ సెన్సర్ మార్చేస్తాడు. చాలా ఇళ్లలో నెల తిరక్కుండానే అదే కోడ్ మళ్లీ వస్తుంది. కోడ్‌ను తీర్పుగా తీసుకోవడమే దీనికి మూలం. ఓవెన్‌ను నడిపే కంట్రోల్ బోర్డు మీది చిప్‌కు వేడి తెలియదు. దానికి అందేది ఒక చిన్న వోల్టేజి, అంతే. ఆ వోల్టేజి హద్దు దాటిందన్న సంగతే కోడ్ చెబుతుంది. దాటించింది సెన్సరా, తీగా, కనెక్టరా, బోర్డేనా అన్నది మనమే తేల్చుకోవాలి.

ఓవెన్ గది వేడిని కొలవడానికి ఎక్కువగా వాడేది థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దీని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. వెండి సల్ఫైడ్‌లో ఈ గుణాన్ని మైకేల్ ఫారడే 1833లోనే గమనించాడు. బోర్డు మీద ఒక స్థిరమైన రెసిస్టర్‌ను దీనితో వరుసలో కలిపి, రెండింటి నడుమ వోల్టేజిని చిప్ చదువుతుంది. తీగ తెగిపోతే నిరోధం అనంతమై బోర్డుకు ఓవెన్ గడ్డకట్టినట్టు కనిపిస్తుంది. రెండు తీగలూ కలిసిపోతే భగ్గున మండుతున్నట్టు కనిపిస్తుంది. రెండూ అసంభవమైన విలువలే గనుక వెంటనే దొరికిపోతాయి. చిక్కంతా ఆ రెండింటికీ మధ్యలో ఉండే లోపాలతోనే. (కన్వెక్షన్ లేని సాదా మైక్రోవేవ్‌లలో చాలావాటికి ఈ సెన్సరే ఉండదు. మితిమీరి వేడెక్కితే కరెంటు ఆపే థర్మల్ కటౌట్లు మాత్రం ఉంటాయి. వాటిని షార్ట్ చేసి ఓవెన్ నడిపించడం నిప్పుతో చెలగాటమే.)

ఒక లెక్క చూద్దాం. 25 డిగ్రీల దగ్గర 10,000 ఓమ్‌లు ఉండి, బీటా విలువ (వేడికి నిరోధం ఎంత చురుగ్గా మారుతుందో చెప్పే అంకె) 3950 ఉన్న థర్మిస్టర్‌ను తీసుకుందాం. ఓవెన్లలో వాడే వాటి విలువలు మోడల్‌ను బట్టి మారతాయి గానీ సూత్రం ఒకటే. ఇది 40 డిగ్రీల దగ్గర సుమారు 5,300 ఓమ్‌లే చూపుతుంది. అంటే మే నెలలో, విజయవాడ వంటింట్లో, మల్టీమీటర్ పెడితే పుస్తకంలో ఉన్నదానికి దాదాపు సగం వస్తుంది. గది వేడిని పట్టించుకోని మెకానిక్ నిక్షేపంలాంటి సెన్సర్‌ను పారేస్తాడు. దీనికి తలకిందుల సందర్భం ఇంకా ప్రమాదకరం. ఆవిరికి, నూనె పొగకు కనెక్టర్ పిన్ను మసిబారి 500 ఓమ్‌ల అదనపు నిరోధం చేరిందనుకుందాం. 25 డిగ్రీల దగ్గర కొలత 10,500 అవుతుంది. బోర్డు ఒక్క డిగ్రీ తక్కువగా చదువుతుంది, ఎవరికీ అనుమానం రాదు. 100 డిగ్రీల దగ్గర థర్మిస్టర్ నిరోధం 700కు పడిపోతుంది. దానికి ఆ 500 కలిస్తే 1,200. బోర్డు దాన్ని 82 డిగ్రీలని నమ్మి హీటర్‌ను ఇంకా నడిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు తీసిన కొలత ఎంత కచ్చితమైనదైనా ఈ తప్పును పట్టుకోలేదు.

సెన్సర్ ఖరీదు తక్కువే కదా, ఈ తంటా ఎందుకు, మార్చేస్తే పోలేదా అని అడగవచ్చు. మార్చినప్పుడు జరిగేదేమిటో గమనించాలి. కనెక్టర్‌ను ఊడదీసి మళ్లీ గుచ్చడంలోనే పిన్నుల మీది మసి కొంత రాలిపోతుంది. ఓవెన్ బాగుపడుతుంది, ఘనత కొత్త సెన్సర్‌కు దక్కుతుంది, అసలు జబ్బు అక్కడే ఉండిపోతుంది. అందుకే కనీసం రెండు ఉష్ణోగ్రతల దగ్గర కొలవాలి. హెయిర్ డ్రయర్‌తో సెన్సర్‌ను మెల్లగా వేడిచేస్తే రీడింగు నిదానంగా, ఆగకుండా దిగాలి. మధ్యలో గెంతులు వేస్తే లోపల పగులు ఉన్నట్టే. సెన్సర్ మొదట్లో ఒకసారి, బోర్డు వైపు చివర మరోసారి కొలిస్తే దారిలోని తీగ, జాయింట్ల వాటా బయటపడుతుంది.

ఇవన్నీ ఇంట్లో చేయగలమా అంటే, చేయకూడదు. ప్లగ్ పీకేశాక కూడా లోపలి హై వోల్టేజి కెపాసిటర్‌లో ప్రాణం తీయగల చార్జి మిగిలి ఉండవచ్చు. మూత తీయడం శిక్షణ ఉన్నవాళ్ల పని. అయినా ఇంటివారి చేతిలో గట్టి ఆధారం ఒకటుంది: కోడ్ ఎప్పుడు వస్తోంది? చల్లటి ఓవెన్ ఆన్ చేయగానే వస్తే తీగ తెగడమో, పూర్తి షార్టో అయ్యే అవకాశం ఎక్కువ. పది నిమిషాలు కాలాక వస్తే వేడికి వదులయ్యే జాయింటును మొదట అనుమానించాలి. కోడ్ ఏమీ లేకుండా కేకు అంచులు మాడుతుంటే ఓవెన్ థర్మామీటర్‌ను, కన్వెక్షన్ మోడ్‌లో మాత్రమే, లోపల పెట్టి చూడవచ్చు. ఈ వివరాలు చీటీ మీద రాసి మెకానిక్‌కు ఇస్తే సగం వెతుకులాట తప్పుతుంది. మిగతా సగం ఆయన చేతిలో ఉంది: హీటర్, హై వోల్టేజి తీగలు విడదీసి, సెన్సర్ ఉండే చోట విలువ తెలిసిన రెసిస్టర్‌ను కలపాలి. సర్వీస్ మోడ్‌లో ఉష్ణోగ్రత చూపే మోడల్ అయితే, మన ఉదాహరణలో 700 ఓమ్‌లకు బోర్డు 100 డిగ్రీలని చెప్పాలి. చెబితే తప్పు సెన్సర్‌దే అయ్యే అవకాశం ఎక్కువ. చెప్పకపోతే పాత సెన్సర్‌ను అలాగే ఉంచి, తీగనూ కనెక్టర్‌నూ బోర్డునూ చూడాలి.